కళాయి కొట్టుకు పడిన తాళం

మా గల్లీ వాళ్ళం రోజూ సాయంత్రం కూర్చునే చోటుకు తాళం వేశారు. ఆ చోటు యజమాని దేశం విడిచి పోయాడన్నారు. అతను పోలేదు. బొల్లారంలో కూతురి ఇంట్లో ఉన్నాడు. పోయాడని చెప్పిన మనిషికి ఆ సంగతి బాగా తెలుసు. చెప్పినవాడు పోలీసు కాదు, మిలిటరీ వాడు కాదు, బయటి నుంచి వచ్చినవాడు అసలే కాదు. ఏళ్ళ తరబడి మాతో పాటు అదే అరుగు మీద కూర్చున్నవాడు.

ముందు ఇది చెప్పి తర్వాతే మిగతాది చెప్తాను. మొదటి నుంచి వివరంగా చెప్పుకుంటూ వస్తే వినేవాళ్ళు సగంలోనే తల ఊపి "పాపం, రోజులట్లాంటివి" అంటారు. ఆ మాట నాకు గిట్టదు. రోజులు తాళాలు వెయ్యవు.

సికింద్రాబాదు స్టేషను నుంచి లాలాగూడ రైలు కార్ఖానాకు పోయే దారిలో మా గల్లీ ఉండేది. నేను కార్ఖానాలో ఫిట్టరు దగ్గర పనివాణ్ణి. మీసం వచ్చింది, పెళ్ళి కాలేదు, కాలు ఒక చోట నిలవదు. గల్లీ మలుపులో ఒక గది, దాని ముందు షాబాదు బండలు పరిచిన అరుగు. గది కళాయి చిచ్చాది. ఇత్తడి గిన్నెలకు లోపలి పక్క తగరం పూత వెయ్యడం ఆయన పని. ముసల్మాను, వయసుతో పని లేకుండా గల్లీ అందరికీ చిచ్చా, అంటే చిన్నాయన. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ దఫ్తర్ల వాళ్ళతో మాట్లాడేటందుకు దాచిపెట్టుకునేవాడు, పండుగ చొక్కా లాగా.

కార్ఖానా కూత వేసిందంటే నా కాళ్ళు వాటంతట అవే ఆ అరుగు దారి పట్టేవి. నావే కాదు, గల్లీలో మగవాళ్ళందరివీ. ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చి, పని ఉన్నంతసేపు, ఒక్కోసారి పని లేకున్నా, ఓ పక్కన నిలబడేవాళ్ళు. ఆ అరుగు మీద ఒక కట్టుబాటు ఉండేది. మాట మొదలుపెట్టినవాడు కొలిమి తిత్తి అందుకోవాలి. మాట అయ్యేదాకా ఊదుతూనే ఉండాలి. చెయ్యి నొచ్చి తిత్తిని పక్కవాడికి ఇస్తే, మాట కూడా పక్కవాడిదే. అందుకని మా దగ్గర ఉపన్యాసాలు లేవు. నిజాం రాజు ఏం చేస్తాడో, ఢిల్లీ వాళ్ళు ఏం చేస్తారో, అన్నీ తిత్తికి సరిపడా ముక్కలుగానే వచ్చేవి.

గోడకు గోడ ఆనుకుని బియ్యం సేటు దుకాణం. మనిషి భారీ. మాటంటే ప్రాణం, తిత్తి అంటే భయం.

"సేటూ, నీ మాటకన్న నీ ఆయాసమే ఎక్కువున్నది. బొగ్గులు సల్లబడుతున్నయ్" అనేవాడు చిచ్చా.

"నీ బొగ్గుల కోసమా నేను మాట్లాడేది?"

"మరి నీ మాట ఇంకెందుకు పనికొస్తది?"

మా అవ్వ, నన్ను కన్నతల్లి, ఒక రోజు గిన్నె తిప్పి తిప్పి చూసి, "చిచ్చా, గీ గిన్నెల మొకం సక్కగ కనిపిస్తలేదు" అంది. చిచ్చా తల ఎత్తకుండానే, "దాంట్ల బువ్వ వండుతవా చెల్లే, బొట్టు వెట్టుకుంటవా?" అన్నాడు. అవ్వ ఆ గిన్నెతోనే ఆయన్ను కొట్టబోయింది.

నేను బడికి పోలేదు. సేటు పొట్లాలు కట్టగా మిగిలిన పాత పత్రికలు అరుగు మీదికి వచ్చేవి. తెలుగు చదవడం అక్కడే కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. ఉర్దూ అక్షరాలు చిచ్చా బొగ్గుతో బండ మీద రాసి చూపించాడు. తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను. ఆ కాలం మీద రాసినవీ చదివాను. సైన్యం ఏ దారిన వచ్చింది, ఎవరు ఎవరికి లొంగారు, అంతా ఉంది. మామూలు మనుషులు సాయంత్రం పూట ఎక్కడ కూర్చున్నారో, మర్నాటి నుంచి ఎందుకు కూర్చోలేదో ఒక్కడూ రాయలేదు. అది చరిత్ర కాదు కాబోలు.

తర్వాత రజాకార్ల రోజులొచ్చాయి. ఫలానావాడు ఏడీ అని అడుగుతూ గల్లీల్లోకి వచ్చేవాళ్ళు. కాంగ్రెసు వాళ్ళకు అన్నం పెట్టాడనో, జెండా దాచాడనో ఏదో ఒక వంక. ఒక సాయంత్రం సేటు కోసం వచ్చారు. సేటు అప్పుడు మా మధ్యనే కూర్చుని ఉన్నాడు. మలుపు అవతల బూట్ల చప్పుడు వినిపించగానే చిచ్చా ఆయన్ను భుజం పట్టి గదిలోకి నెట్టి, పెద్ద గంగాళాల వెనక కూలేశాడు. వాళ్ళు వచ్చేసరికి తన చోటులో కూర్చుని, కాలిన గిన్నెలో నవాసాగరం పొడి చల్లి దూదితో రుద్దుతున్నాడు. తెల్లటి పొగ లేస్తోంది. తిత్తి నా చేతిలో ఉంది.

"సేటు ఏడీ?"

"పోయిండు."

"ఏడికి?"

"ఏడికి పోయిండో ఎర్కలేదు."

వాళ్ళలో ఒకడు ఉర్దూలో మళ్ళీ అడిగాడు. చిచ్చా ఉర్దూలో అదే చెప్పాడు. మాట పెరగలేదు, తగ్గలేదు, గిన్నెలో చెయ్యి ఆగలేదు. వాళ్ళు దుకాణం తలుపు మీద నాలుగు తన్నులు తన్ని వెళ్ళిపోయారు. లోపలి నుంచి సేటు గొంతు వచ్చింది: "చిచ్చా, నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె?"

"రుణం గిట్ల తర్వాత చూద్దాం. ముందుగాల నా గంగాళం మీదికెల్లి లే. సొట్ట వడ్తది."

ఆ రోజు నుంచి అది మా గల్లీ జవాబు. ఎవరు వచ్చి ఎవరి గురించి అడిగినా సరే, అడిగినవాడు మంచివాడైనా చెడ్డవాడైనా సరే, పోయిండు, ఏడికి పోయిండో ఎర్కలేదు. ముసలీ ముతకా అందరికీ ఆ రెండు ముక్కలు నోటికి వచ్చేశాయి. చుట్టం చిరునామా అడిగితే కూడా అదే చెప్పి తర్వాత నవ్వుకున్నవాళ్ళున్నారు. చాలామందిని ఆ జవాబు కాపాడింది. కాదనను.

పోలీస్ యాక్షన్ వచ్చింది. ఆకాశంలో విమానాల చప్పుడు, రేడియో ఉన్న ఇళ్ళ ముందు గుంపులు, ఆ తర్వాత తిరుమలగిరి పక్క నుంచి మిలిటరీ బండ్ల దుమ్ము. మేమూ కేకలు వేశాం, దండలు వేశాం. కాని అరుగు మీద ఏదో తేడా వచ్చింది. చిచ్చా తిత్తి అందుకున్నప్పుడు మాట ఏం మొదలుపెట్టాలో తెలియనట్టు ఊరికే ఊదేవాడు.

కొన్నాళ్ళకు బొల్లారం నుంచి కబురు వచ్చింది, కూతురికి నెలలు నిండాయని. చిచ్చా అరుగు మీద అందరి ముందరే చెప్పాడు.

"బిడ్డ కాన్పుకు బొల్లారం పోతున్న. కొట్టు జెర చూస్తుండుండ్రి."

కొట్టుకు తాళం అన్నది ఎప్పుడూ లేదు. తలుపుకు గొళ్ళెం, అంతే. సేటు లోపలికి పోయి పాత బియ్యం మూట కట్టి తెచ్చి ఇచ్చాడు. "బాలింతకు కొత్త బియ్యం పడదు చిచ్చా, ఇవి వండిపెట్టుమను" అన్నాడు. ఇది నేను కళ్ళారా చూశాను. బొల్లారం అన్న మాట ఆయన చెవిన పడలేదని ఎవరైనా అంటే, ఆ మూట ఎక్కడికి పోయిందో చెప్పమనండి.

ఆ వారంలోనే మిలిటరీ జీపు వచ్చింది. నేను కార్ఖానాలో ఉన్నాను, అవ్వ చెప్పింది. కళాయి కొట్టు వాడు ఎక్కడ అని అడిగారట. ఎవరి మీద అనుమానం వస్తే వాళ్ళను పట్టుకుపోతున్న రోజులు. సేటు తన గడప మీద నుంచే జవాబు చెప్పాడు. మా గల్లీ జవాబే. జీపు వెళ్ళిపోయింది. సాయంత్రం అందరం మంచి పని చేశావు సేటూ అన్నాం. బొల్లారం కబురు పంపాం, ఇంకొన్నాళ్ళు అక్కడే ఉండమని. చిచ్చా ఉన్నాడు.

ఆయన తిరిగి వచ్చేసరికి తలుపుకు పెద్ద తాళం, దాని మీద లక్క ముద్ర. దేశం విడిచి పోయినవాళ్ళ ఆస్తులు చూసే ఆఫీసు వాళ్ళు వేసి పోయారు. సేటు జీపు వాళ్ళకు చెప్పిన మాటే అక్కడిదాకా చేరింది. చిచ్చా తాళాన్ని చేత్తో ఎత్తి, బరువు చూసినట్టు చూసి వదిలేశాడు. లోపల ఆయన పనిముట్లు, ఎవరెవరివో గిన్నెలు.

"ఏం ఫికర్ చెయ్యకు చిచ్చా. నేను పోయి మాట్లాడి వస్త" అన్నాడు సేటు.

పోయాడు. మాట్లాడాడు. తాళం తీయించాడు. పనిముట్లు, గిన్నెలు బయట పెట్టించి చిచ్చాకు అప్పజెప్పాడు. గది మాత్రం ఆఫీసు వాళ్ళ దగ్గర తన పేరు మీద కిరాయికి తీసుకున్నాడు. "నేను తీసుకోకుంటే ఇంకెవడో తీసుకుంటడు. నీ కోసమే పట్టి ఉంచిన" అన్నాడు. మర్నాడు బియ్యం బస్తాలు లోపలికి పోయాయి. ఆ తర్వాత అరుగు మీదికీ వచ్చాయి.

ఇక మేము ఎక్కడ కూర్చోవాలి? కొన్నాళ్ళు నల్లా దగ్గర నిలబడ్డాం. ఆడవాళ్ళు, మా బిందెలకు అడ్డం జరగండి అన్నారు. రైలు కట్ట కింద మోరీ గోడ మీద కూర్చున్నాం. గూడ్సు బండి వస్తే మాట సగంలో తెగేది, బండి పోయాక ఏం చెప్తున్నామో గుర్తుండేది కాదు. ఇరానీ హోటలుకు పోయాం. అక్కడ చాయ తాగినంతసేపే కుర్చీ మనది. కూత వేశాక నా కాళ్ళకు దారి తెలిసేది కాదు. ఇంట్లో కూర్చుంటే అవ్వ అనేది, "ఏందిరా, పిల్లి లెక్క తిరుగుతవు? ఓ చోట వడుండు." ఆ ఒక చోటు ఏదో చెప్తే పడి ఉండేవాణ్ణి. మెల్లమెల్లగా ఒక్కొక్కడు రావడం మానేశాడు.

చిచ్చా తిరుమలగిరి పక్క ఇల్లిల్లూ తిరిగి కళాయి వేస్తున్నాడని తెలిసి వెతుక్కుంటూ పోయాను. ఎవరి గుమ్మం ముందో నేల మీద గుంట తవ్వుకుని, గిన్నె రుద్దుతున్నాడు.

"దరఖాస్తు పెట్టు చిచ్చా. నేను రాస్త" అన్నాను.

"సేటు సూస్త అన్నడు గద?"

"ఏం సూస్తడు? బస్తాలు సూస్తున్నడు."

చిచ్చా గిన్నెను గుంటలో నిప్పుల మీద పెట్టాడు. తర్వాత, "రాయి. గట్టిగ రాయకు. నీకు కోపమెక్కువ" అన్నాడు.

మెత్తగానే రాశాను. విచారణకు ఒక అధికారి వచ్చాడు. మద్రాసు వైపు మనిషి, తెలుగు మాట్లాడేవాడు. చిచ్చా, నేను, అవ్వ, సేటు, గల్లీ వాళ్ళు పదిమంది దాకా అరుగు ముందు నిలబడ్డాం. కూర్చోవడానికి చోటు లేదు, బస్తాలు.

నేను చెప్పాను, బొల్లారం పోయాడని. అవ్వ చెప్పింది. "వీళ్ళు అతనికి కావలసినవాళ్ళలా ఉన్నారు. నువ్వు చెప్పవయ్యా, మొదట చెప్పిందీ నువ్వే కదా" అని అధికారి సేటు వైపు తిరిగాడు. "అప్పుడు ఇతను వెళ్ళిపోయాడా, లేదా?"

"పోయిండు" అన్నాడు సేటు.

"ఎక్కడికి?"

సేటు మా ఎవరి వైపూ చూడలేదు.

"ఏడికి పోయిండో ఎర్కలేదు."

నేను ముందుకు దూకాను. అవ్వ నా చొక్కా పట్టుకుంది. అధికారి, "బాబూ, నువ్వు అరిస్తే నీ మాట కూడా రాసుకోను" అన్నాడు. చిచ్చా మాత్రం అరవలేదు. "నేను నేర్పిన మాటనే గద సేటూ" అన్నాడు, గిన్నెలో సొట్ట చూపించినంత మామూలుగా. ఆ తర్వాత తిత్తి భుజాన వేసుకుని నడిచాడు. మా గల్లీలో మళ్ళీ అడుగు పెట్టలేదు. దరఖాస్తు కొట్టేశారు.

అప్పటి నుంచి నేను సేటును అడుగుతూనే ఉన్నాను. దుకాణంలో అడిగాను, పెళ్ళిళ్ళలో అడిగాను, కల్లు దుకాణం ముందు పట్టుకుని అడిగాను. బొల్లారం అన్న ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? ఒకసారి, "చిన్నోనివి, నీకేం తెలుస్తది" అన్నాడు. ఒకసారి, "భయమైంది" అన్నాడు. ఒకసారి, "నువ్వు నన్ను తప్ప ఇంకెవర్నీ అడగవా" అని కసురుకున్నాడు. హైదరాబాదు స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ అయింది, నాకు పెళ్ళయి పిల్లలు పుట్టారు, ఆయన కొడుకులు దుకాణం చూస్తున్నారు. నేను అడగడం మానలేదు. మా ఆవిడ అనేది, ఆ గది నీదా, నీ తాతదా అని. నాది కాదు. కూర్చున్నది నేను.

చిచ్చా తిరుమలగిరిలోనే పోయాడు. మట్టి వేసి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నేరుగా సేటు దగ్గరికి పోయాను. దుకాణం ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. చిచ్చా పోయాడని చెప్పాను. అడగవలసింది మళ్ళీ అడిగాను. ఈసారి కసురుకోలేదు, లేచి లోపలికి పోలేదు. నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. అప్పుడు చెప్పాడు.

"మొదటిసారి ఆయన్ను కాపాడాలెననే అన్న, ఒట్టు. రెండోసారి అడిగేనాటికి నా బస్తాలు లోపలుండె."