గెట్టు రాయీ వంకర మూతీ

1961 డిసెంబరు. ధర్మపురికి ఆరు మైళ్ల ఇవతల ఒక సర్కారు దవాఖానాలో నేను కాంపౌండర్‌ని. వయసు ఇరవై మూడు. డాక్టరు రాసిన చీటీ చూసి మందు కలపడం, రోగి ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో పోయడం, ఎన్ని మోతాదులో తెలిసేలా గాట్లు కత్తిరించిన కాగితం పట్టీని సీసాకు అంటించడం నా పని. పట్టీతో పాటు ఒక చలోక్తి అంటించడం నా అలవాటు. మందు ఎలాగూ చేదు, మాటైనా తియ్యగా ఉండాలని నా వాదన. అది ఎక్కువగా నాకే తియ్యగా ఉండేది.

ఆ కిటికీ దగ్గర ఏడాది నిలబడితే ఎవరికైనా అనుమానం అబ్బుతుంది. కడుపునొప్పి అన్నవాడు రాత్రి ఏం తాగాడో, జారిపడ్డానన్నవాడిని ఎవరు తోశారో, దగ్గుమందుకు నాలుగోసారి వచ్చినవాడికి అసలు దగ్గు ఉందో లేదో. నేను అందరినీ అనుమానించేవాణ్ణి. ఆ విషయంలో పక్షపాతం చూపలేదు.

ఒక పొద్దున నలభై ఏళ్ల రైతు ముఖం మీదికి గొంగడి లాక్కుని వచ్చాడు. పేరు లచ్చయ్య. వెనక భార్య రాజవ్వ. సీసా తేలేదు. అనుమానం అక్కడే మొదలైంది.

"ఏమైందే?" అన్నాను.

గొంగడి తీశాడు. మూతి ఎడమ పక్కకు గుంజుకుపోయి ఉంది. కుడి బుగ్గ మీద ముడత లేదు, కుడి కన్ను రెప్ప కొట్టడం లేదు. మొహమాటంగా నవ్వబోతే సగం ముఖమే నవ్వింది. మిగతా సగం ఇంకా ఆలోచిస్తోంది.

"మందు వద్దు సారూ. నేను అబద్ధం ఆడలేదని ఒక్క కాయితం రాసియ్యి," అన్నాడు. ప, బ అక్షరాలు పెదవి పక్క నుంచి జారిపోతున్నాయి.

"గా ఫారం మా దగ్గర లేదే. జరం, దగ్గు, గజ్జి, గంతే."

రాజవ్వ ముందుకొచ్చింది. విషయం ఆమె చెప్పింది. లచ్చయ్యకూ అతని పాలోడు, అంటే దాయాది, భూమయ్యకూ పక్కపక్క పొలాలు. నడుమ గెట్టు మీద హద్దు రాయి. ఆ రాయిని లచ్చయ్య రాత్రికి రాత్రి జరిపాడని భూమయ్య పంచాయతీ పెట్టాడు. జరిపిన మేర చిన్నదే కానీ అందులో బాయి ఉంది. బాయి పోతే లచ్చయ్య మడి బీడే. సాక్షులు లేరు కనుక పెద్దలు ప్రమాణం చేయమన్నారు. లచ్చయ్య గోదాట్లో మునిగి, తడిబట్టలతో నరసింహస్వామి ముందు అరచేత్తో కర్పూరం ఆర్పి, రాయి నేను ముట్టలేదని ఒట్టు పెట్టాడు. తొమ్మిది రోజుల్లో ఇంట్లో గొడ్డుకు గానీ మనిషికి గానీ ఏ కీడూ రాకపోతే ఒట్టు నిజం. బాయి అతనిదే.

"నాలుగు దినాలు మంచిగనే ఉన్నడు," అంది రాజవ్వ. "అయిదో దినం పొద్దుగాల నోట్లె నీళ్లు పోసుకొని పుక్కిలిస్తే పక్కకెల్లి కారినయి. నేను నగుతుండు అనుకున్న. చూస్తే గిట్లున్నది. ఇగ ఊరంత ఒక్కటే మాట, స్వామి చెంప మీద కొట్టిండని."

వరుసలో ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి వింటున్నారు. అంత నిశ్శబ్దం నాకు పడదు.

"స్వామి సగం మూతే వంకర జేసిండు గదనే," అన్నాను. "గట్లయితే సగం అబద్ధమే ఆడినట్టు."

వరుస గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఖాళీ సీసాతో మూడో స్థానంలో ఉన్నాడు. అతను భూమయ్య బామ్మర్ది. అది నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది.

మా డాక్టర్ సాబ్ హైదరాబాద్ మనిషి. తెలుగు ఇక్కడికి వచ్చాకే నేర్చాడు, అదీ రోగుల దగ్గరే. అందుకని ఆయన తెలుగులో జబ్బుల మాటలు ఎక్కువ, మర్యాద మాటలు తక్కువ. లచ్చయ్యను స్టూలు మీద కూర్చోబెట్టి ఒక్కొక్కటే చేయించాడు.

"నుదురు ముడతలు వెయ్యి. కండ్లు గట్టిగ మూయి. పండ్లు చూపు. బుగ్గలు ఉబ్బియ్యి."

నుదుటి మీద ఎడమ సగంలోనే ముడతలు పడ్డాయి. కళ్లు మూయమంటే కుడి రెప్ప దిగలేదు. గుడ్డు మాత్రం పైకి తిరిగి తెల్లగా కనబడింది. రాజవ్వ "నర్సింహా!" అంది. సాబ్ ఏ దేవుడి పేరూ ఎత్తకుండా రెండు చేతులూ పైకెత్తించాడు, నడిపించాడు, చెవిలో టార్చి కొట్టి చూశాడు, చెవి చుట్టూ పొక్కులున్నాయేమో వెతికాడు.

"గిది ఫేషియల్ నర్వ్. మొఖాన్ని కదిలిచ్చే నరం," అన్నాడు చివరికి. "చెవి ఎనుక బొక్కల సన్న సొరంగం ఉంటది. నరం దాంట్లకెల్లి వస్తది. నరం ఉబ్బింది, సొరంగం ఉబ్బది. నలిగింది. గంతే. బెల్స్ పాల్సీ అంటరు."

"పక్షవాతం కాదా సాబ్?" అంది రాజవ్వ.

"మెదడుల తేడా వస్తే మామూలుగ నుదురు కదులుతది, కింద మూతే వంకరైతది. చెయ్యో కాలో పడిపోతది, మాట ముద్దగైతది. గట్లయితే ఒక్క గడియ ఆగొద్దు, పెద్ద దవాఖానకు ఉరకాలె. కని నుదురు చూసి మీకు మీరే ఫైసల చేసుకోకుండ్రి. మూతి వంకరైతే గా దినమే రావాలె. చెవిల చీము కారినా, పొక్కులు లేసినా అది వేరే కథ. మందు ఎంత తొందరగ వడితే గంత మంచిది. నువ్వు ఒక దినం పోగొట్టినవ్."

"మంచిగైతదా?"

"శానా మందికి వారాలల్ల, నెలలల్ల మంచిగైతది. కొందరికి నరం మల్ల అతుకుకునేటప్పుడు తీగలు తప్పు దిక్కు పోతయి. నమిలితే కన్ను మూసుకుంటది. మూతి గురించి ఫికర్ చెయ్యకు. కన్ను గురించి చెయ్యి. రెప్ప పడకుంటే కన్ను ఎండుతది, పుండు పడతది, పువ్వేస్తది. పగటిపూట చుక్కలు, పండుకునే ముందు మలాం రాసి, రెప్ప దించి కట్టు కట్టాలె. మర్వొద్దు."

నల్లగుడ్డు మీద పడే తెల్లమచ్చను మా వైపు పువ్వు అంటారు. పేరు అందంగానే ఉంటుంది. చూపే ఉండదు.

సాబ్ రాసిన మాత్రలు మా బీరువాలో లేవు. అప్పటికప్పుడు బస్సు డ్రైవరుకు చీటీ ఇచ్చి జగిత్యాల నుంచి తెప్పించాం. కట్టు ఎలా కట్టాలో రాజవ్వకు నేనే నేర్పాను. లచ్చయ్యను మాత్రం అనుమానంగానే చూశాను. నరం సంగతి తేలింది కానీ రాయి సంగతి తేలలేదు కదా.

రెండు రాత్రులు గడిచాక పొద్దున మళ్లీ వచ్చారు. కట్టు లేదు. కన్ను చింతనిప్పులా ఉంది, నీరు కారుతోంది, వెలుగు చూడలేకపోతున్నాడు.

"కట్టు ఏది?" అన్నాను.

"రెండు రాత్రులు నేను కట్టుడు, ఆయన పీకుడు," అంది రాజవ్వ.

"కట్టు కట్టుకుంటే పాపం జేసి మొఖం దాసుకుంటుండు అంటుండ్రు సారూ," అన్నాడు లచ్చయ్య. "రాత్రి గూడ ఇంటి ముంగటికెల్లి తొంగి చూస్తుండ్రు. దాసుకోను. తప్పు జేస్తె గదా దాసుకునేటిది!"

"కన్ను పోతదని సాబ్ చెప్పలేదా?"

"కన్ను పోతే ఒక్క కన్నే పోతది. బాయి పోతే పిల్లల నోట్లె మట్టే."

అప్పుడు రాజవ్వ నా వైపు తిరిగింది. "నువ్వు మాట్లాడకు సారూ. నీ పున్నెమే ఇది. సగం అబద్ధమని దవాఖానల తేల్చిండ్రని భూమయ్య బామ్మర్ది ఊర్లె దండోరా ఏసిండు. రేపు తొమ్మిదో దినం. పంచాయతిల నీ మాటే సాక్షమట. సర్కారు మనిషి చెప్పిండట!"

నా చలోక్తికి అంత గౌరవం అంతకు ముందు ఎప్పుడూ దక్కలేదు.

లోపల సాబ్ కంట్లో రంగు మందు వేసి చూసి, నల్లగుడ్డు అంచున పుండు మొదలైందని చెప్పాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"క్యా మియా, మిక్శ్చర్ కలపమంటే తీర్పు కలిపినవా?"

"మజాకు సాబ్..."

"సీసల పోసినంక మజాకు కాదు, దవా. రేపు నువ్వు పో. నువ్వు పోసింది నువ్వే కక్కియ్యి. గా కన్నుకు కట్టు ఉంచి రా, లేకుంటే రాకు."

మర్నాడు గాజుగుడ్డ, మలాం, దవాఖానా రిజిస్టరు సంచిలో పెట్టుకుని సైకిలు మీద వెళ్లాను. ఊరంతా చావడి ముందే ఉంది. గద్దె మీద ఊరి పెద్ద పటేల్, అరవై ఏళ్ల మనిషి, పాన్ నములుతూ కూర్చున్నాడు. నన్ను చూస్తూనే కన్ను కొట్టాడు. ఉలిక్కిపడ్డాను. మళ్లీ కొట్టాడు. ఇతనెవరి పక్షం, నాతో ఏం లాలూచీ కోరుతున్నాడు? భూమయ్య వైపు చూశాను. అతను గడ్డం నిమురుకుంటున్నాడు, అది కూడా నాకు సైగలాగే తోచింది.

"కాంపౌండర్ సారే వచ్చిండు," అన్నాడు భూమయ్య హుషారుగా. "సగం అబద్ధమన్నది నిజమే గదా సారూ?"

"అన్న. మజాకుకు అన్న," అన్నాను. "నేను మందు కలిపేటోన్ని. అబద్ధాలు కొలిచే గలాసు నా దగ్గర లేదు."

ఎవరో నవ్వారు. ఈసారి ఆ నవ్వు నాకు రుచించలేదు. రిజిస్టరు తెరిచాను.

"ఈ ఏడు మా దవాఖానకు మూతి వంకరై ముగ్గురు వచ్చిండ్రు. ఈయన ఒకడు. ఒకామె బడి పంతులు భార్య. ఇంకొకటి నాలుగేండ్ల పిల్ల. చెప్పుండ్రి, నాలుగేండ్ల పిల్ల ఎవరి గెట్టు రాయి జరిపింది?"

"పోయిన జల్మల జరిపిందేమో!" అన్నాడు భూమయ్య.

జనం తలలూపారు. నా వాదన అంతటితో ముగిసింది. పంచాయతీల్లో పూర్వజన్మ మీద అప్పీలు లేదు.

లచ్చయ్య గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఎర్రకన్ను ఎండకు తెరిచే ఉంది, చెంప మీదుగా నీరు కారుతోంది. "ఏడుస్తుండు సూడుండ్రి, తప్పు ఒప్పుకున్నట్టే," అన్నారెవరో. రాజవ్వ చేతిలో కట్టుగుడ్డ నలిగిపోతోంది.

అప్పుడు పటేల్ మళ్లీ కన్ను కొట్టాడు. ఈసారి నేను అతని కన్ను చూడలేదు, దవడ చూశాను. దవడ కదిలింది, ఎడమ కన్ను మూసుకుంది. నమలడం ఆపాడు, కన్ను తెరుచుకుంది. నమిలాడు, మూసుకుంది. తీగలు తప్పు దిక్కు పోతయి అన్న సాబ్ మాట గుర్తొచ్చింది. ఆ మనిషి నాకు కన్ను కొట్టడం లేదు. పాపం, పాన్ తింటున్నాడంతే.

మంచినీళ్లు తాగే వంకతో గద్దె దగ్గరికి పోయి, కడవ మీదికి వంగి, అతనికి మాత్రమే వినబడేలా అడిగాను. "పటేలా, మీకు ఎన్నేండ్ల కింద?"

"ఏంది?"

"మూతి."

దవడ ఆగిపోయింది. నన్ను ఎగాదిగా చూశాడు. అలాంటి అనుమానపు చూపు నేను అద్దంలో కూడా చూసుకోలేదు. పెళ్లికి ముందో తర్వాతో, ఏ ఊళ్లో నెలల తరబడి ఎవరికీ కనబడకుండా ఉన్నాడో, అప్పుడు తానేమైనా ఒట్టు పెట్టి ఉన్నాడో నాకు తెలియదు. అడగలేదు కూడా. గద్దె కింద నిలబడి గద్దె మీద ఉన్నవాణ్ణి ఒక ప్రశ్నకు మించి అడగకూడదు.

పటేల్ పాన్ ఉమ్మేశాడు.

"ఏం భూమయ్యా, జరాలు, రోగాలు పంచాయతిల లెక్కకొస్తయా?" అన్నాడు గొంతు పెంచి. "నిరుడు నీ బర్రె సచ్చింది. నువ్వేం ఒట్టు పెట్టినవ్?"

"పటేలా, తొమ్మిది దినాల మాట మీరే పెడితిరి..."

"పెట్టిన, తీసిన. సర్వేయర్‌ను పిలువుండ్రి. జంజీరు ఏసి కొలువనియ్యి. గెట్టు గొడవకు స్వామినెందుకు పరేషాన్ జేస్తరు? ఓ రాజవ్వా, గా కన్నుకు కట్టు కట్టు ముందుగల. చూడలేక సస్తున్న."

కాంపౌండర్ ఏం చెవిలో ఊదాడోనని ఊరు నెల రోజులు గుసగుసలాడింది. పై అధికారుల పేరు చెప్పి బెదిరించానని ఒకరు, మంత్రించిన నీళ్లు తాగించానని ఒకరు. నేను ఏదీ కాదనలేదు. ఎవరి మూతీ పంచాయతీకి ఎక్కకుండా ఉండాలంటే అదొక్కటే దారి.

ఆ రోజు నుంచి కట్టు ఊడలేదు. పుండు మానింది. కట్టు లేని ఆ రాత్రుల గుర్తుగా నల్లగుడ్డు అంచున ఆవగింజంత పువ్వు మిగిలింది. చూపుకు అడ్డం రాలేదు కానీ లచ్చయ్య దగ్గరికొస్తే నాకు ముందు కనబడేది అదే. సర్వేయర్ వచ్చి గొలుసు వేసి కొలిస్తే బాయి లచ్చయ్య వైపే తేలింది. రాయి మాత్రం ఉండాల్సిన చోట లేదు, ఎవరో జరిపిన మాట నిజమే. ఎవరో గొలుసు చెప్పదు. లచ్చయ్య మీద నాకు అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, భూమయ్య మీద అసలే పోలేదు. నేను నేర్చుకున్నది ఇంతే. మూతి వంకరైతే చూడాల్సింది నుదురు, రెప్ప, చెవి, చెయ్యి, మాట. మనిషి నడవడి ఆ జాబితాలో లేదు. దవాఖానా కిటికీలోంచి బయటికి పోయే ప్రతిదీ, మాటతో సహా, ఎవరో ఒకరు మందనే మింగుతారు.

శివరాత్రి దాటాక లచ్చయ్య వచ్చాడు. ఈసారి నవ్వితే ముఖం మొత్తం నవ్వింది.

"ఇప్పుడన్న రాసిస్తవా సారూ కాయితం?"

దవాఖానా చీటీ మీద రాసిచ్చాను: "ఇతని ముఖం రెండు పక్కలా సమానంగా ఉన్నది. తక్కిన సంగతులు మాకు తెలియవు." చదువు రాదు, అయినా కళ్లకద్దుకుని, మడిచి తలపాగలో పెట్టుకుని పోయాడు.

వారం తిరక్కుండా భూమయ్య వచ్చాడు. జ్వరం లేదు, దగ్గు లేదు, సీసా లేదు. తనకూ అలాంటి కాయితమే ఒకటి కావాలన్నాడు.

నుదురు ముడతలు వేయించాను, కళ్లు మూయించాను, పళ్లు చూశాను. అతని ముఖమూ సమానంగానే ఉంది. రాసిచ్చాను.