ఏసురత్నం సాక్ష్యం

బన్సీలాల్‌పేట్‌లో ఏసురత్నం ఇస్త్రీ బండి తెలియని కంప్యూటర్ కుర్రాడు లేడు. ఇరవై ఏళ్లుగా అదే సందు మలుపు, అదే బొగ్గుల పెట్టె. రెండు వేల ఏడు నాటికి ఊళ్లో కంపెనీలు పెరిగాయి, చొక్కాలు పెరిగాయి, ఆయన నడుము మాత్రం ఒంగింది. భార్య మార్త, ఇద్దరు ఆడపిల్లలు ఆ పెట్టె వేడి మీదే బతుకుతున్నారు.

ఆ పెట్టె వల్ల భూమి వేడెక్కిపోతోందని ఒక విదేశీ కంపెనీ కనిపెట్టింది. ఇలాంటివాళ్లు బొగ్గు మానేస్తే, ఆ పుణ్యం తమదని చెప్పుకుని, అక్కడ తమ దేశంలో ఫ్యాక్టరీ గొట్టాలతో హాయిగా పొగ ఊదుకోవచ్చట. ఏం తెలివితేటలండీ! బదులుగా కరెంటు పెట్టె ఇస్తారు. మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియని పేట అది. ఒప్పుకుంటే సగం బేరం గంగలో కలిసినట్టే.

కంపెనీ తరఫు మనిషి రమణబాబు వదల్లేదు. బేగంపేట హోటల్లో మీటింగు ఉంది, నీ పొగ గురించి రెండు ముక్కలు చెప్పి పాత పెట్టె దొరలకు అప్పగించు చాలన్నాడు. మొహమాటానికి పెట్టె పట్టుకుని పోయాడు ఏసురత్నం.

హాల్లో ఏసీకి పళ్లు టకటకలాడాయి. మూడు విమానాలు మారి వచ్చిన ఆరుగురు దొరలు ఆకుపచ్చ బ్యాడ్జీలతో ముందు వరసలో కూర్చున్నారు. ఏసురత్నానికి మైకులో మాట్లాడటం ఒక్క తీరే తెలుసు, ఆదివారం చర్చిలో చెప్పే సాక్ష్యం. కళ్లు మూసుకుని తన పొగ, పక్కింటి ముసలామె కళ్ల మంటలు, మార్త దగ్గు అన్నీ ఒప్పుకున్నాడు. చప్పట్లు మోగాయి.

వాళ్ల చర్చిలో లేచి తన తప్పులు చెప్పుకున్నవాడు మైకు పక్కవాడికి అందిస్తాడు. పాస్టరుగారితో సహా ఎవరికీ మినహాయింపు లేదు. అలవాటు కొద్దీ కిందికి దిగి, పెద్ద దొర చేతిలో మైకు పెట్టాడు.

"ఇగ మీరు చెప్పుండ్రి సార్, మీ పొగ సంగతి."

రమణబాబు మొహం పాలిపోయింది. అనువాదం చేసే అమ్మాయి అమాయకంగా ఆ మాటనూ ఇంగ్లీషులో చెప్పేసింది. దొర మైకు వంక చూశాడు, గడియారం వంక చూశాడు. ఇది చాలా లోతైన విషయమనీ, వచ్చే ఏడాది సమావేశంలో చర్చిద్దామనీ నవ్వాడు. మిగతా ఐదుగురూ తలలు ఊపారు. ఈలోగా రమణబాబు పూలదండ తెచ్చి, పెట్టె ఇవ్వమని చేయి చాచాడు.

ఏసురత్నానికి ఒళ్లు మండింది. పెట్టెను దగ్గరికి లాక్కున్నాడు.

"అందరు లేస్తే దాన్ని సాక్ష్యం అంటరు సార్. నన్నొక్కన్నే లేపితే, అది ఠాణాల నేరం ఒప్పించుడు."