అత్తమ్మ కంటి పొరలు

మా మేనత్త పోయిన వారం వర్ధన్నపేట దగ్గరి మా ఊళ్లో చనిపోయింది. గుండె ఆగిందన్నారు. ఆమె గురించి రాయాలంటే ఆమె కుడికన్ను గురించే రాయాలి.

వయసులో ఉన్నప్పుడు ఇళ్లకు సున్నం వేసే పనికి పోయేది. ఉడుకుతున్న సున్నం చిమ్మి కళ్లలో పడింది. ఎడమకన్ను పోయింది. కుడికంటిని తెల్లటి పొర కమ్మింది. దానంగా వచ్చిన కార్నియా రెండుసార్లు పెట్టినా నిలవలేదు. చివరికి ప్లాస్టిక్ కార్నియా అమర్చారు. నల్లగుడ్డు మధ్య చిన్న అద్దం బిళ్లలా ఉండేది. రోజూ చుక్కలు వేసుకోవాలి, ఎన్నడూ మానలేదు. "కిటికి తుడుసుకోకుంటె ఎట్ల?" అనేది.

రెండేళ్ల కింద పత్తి ఏరే రోజుల్లో పొరుగామెను తోడు తీసుకుని హన్మకొండకు పరీక్షకు వెళ్లింది. సాయంత్రం ఫోన్ చేశాను.

"డాక్టరు ఏమన్నడత్తమ్మా?"

"మంచిగనే అన్నడు అల్లుడా. పొర ఊడొస్తాందట. ఆపరేషన్ అంటాండు గని, అదే ఊడుతాంటె మళ్ల కోసుడెందుకు? పత్తి ఏరినంక సూద్దాం."

ఆమెకు తెలిసిన పొర చూపుకు అడ్డం పడేది ఒక్కటే.

ఇంకా ఎందుకు రాలేదని కొన్నాళ్లకు ఆసుపత్రివాళ్లే నాకు ఫోన్ చేశారు. మర్నాడు తీసుకెళ్లాను. ఆ చిన్న బిళ్లలోంచి మామూలు కెమెరాకు కంటి లోపల నడుమ భాగమే అందుతుందట. అంచులదాకా తీసే పెద్ద మిషను ముందు కూర్చోబెట్టారు. డాక్టరు ఫొటో చూపిస్తే అత్తమ్మ కంప్యూటర్‌కు ముక్కు ఆనేంత దగ్గరికి జరిగింది. ఎర్రటి గుండ్రంలో కిందివైపు బూడిదరంగు మడత ఉంది.

"గోడకు పెచ్చు లేసినట్టున్నది సారూ."

"అదేనమ్మా, కంటి వెనక పొర. దాంతోనే చూస్తున్నవు. అది ఊడితే చూపు పోతది."

అత్తమ్మ ఫొటో మీంచి డాక్టరు వైపు తిరిగింది.

"పోవాల్సింది పొరనే, ఉండాల్సింది పొరనేనా? ఇంకో పేరు దొరకలేదా సారూ మీకు?"

డాక్టరు నవ్వబోయి ఆగిపోయాడు. ఆనాటి నుంచి ఆమెతో రెటీనా అనే అన్నాడు.

ఆపరేషన్‌లో రెటీనాను అతికించి, మళ్లీ లేవకుండా కంట్లో నూనె నింపారు. "నూనె పోసిన్రు, ఇగ వత్తులేసుకొని సూసుడే తక్కువ," అని వార్డులో అందరికీ చెప్పింది. నడుమ చూపు నిలిచింది. ఊడింది కిందివైపే అయినా కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుందట, అందుకే పైచూపు తిరిగి రాలేదు. "పత్తి ఆగేది, కన్ను ఆగలే," అని ఒక్కసారే అన్నది.

ఎదుటివాళ్ల మొహం చూడాలంటే గడ్డం ఎత్తాల్సి వచ్చేది. వీధిలోకి కొత్తగా వచ్చిన కోడలు ఆమెకు పొగరు అనుకున్నదట. అత్తమ్మే వాళ్లింటికి పోయి, "పొగరు గాదు బిడ్డా, మీద పెచ్చు రాలింది," అని చెప్పి, చాయ తాగి వచ్చింది.

నేను చివరిసారి చూసింది పోయిన నెల, వడ్లు ఆరబోసినప్పుడు. మబ్బు పట్టింది. మేం పరదాలు కప్పాలా వద్దా అని తలలెత్తి చూస్తున్నాం. నిలబడితే ఆమెకు మబ్బు కనబడదు. వడ్ల పక్కనే నేల మీద వెల్లకిలా పడుకుంది. చెయ్యెత్తి మబ్బు అంచు వెంట వేలు నడిపిస్తూ, "ఇటు రాదు, పోతాంది. కప్పకున్రి," అన్నది. మేం పనిలో పడ్డాం. ఆమె లేవలేదు. జుట్టులో వడ్లగింజలతో, మబ్బు దాటిపోయేదాకా అట్లాగే చూస్తూ ఉంది.