పథ్యంలో పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో ఒంట్లో కాలేయం అనేదొకటి ఉంటుందని, దాన్ని కాస్త మర్యాదగా చూసుకోవాలని మా వయసు వాళ్ళకు తట్టేది కాదు. నేను కోవూరులో ఒక రైసుమిల్లులో కొత్తగా గుమస్తాగా చేరాను. మధ్యాహ్నం బజ్జీలు, రాత్రి చేపల పులుసు, దాహమేస్తే ఎక్కడ ఏ నీళ్ళు దొరికితే ఆ నీళ్ళు. (నా అరుగుదల గురించి మా అమ్మ చుట్టాలకు గొప్పగా చెప్పుకునేది.) ఒకనాడు పొద్దున లేచి చూసుకుంటే కళ్ళు పచ్చగా ఉన్నాయి. అన్నం పేరెత్తితే వికారం. నెల్లూరులో డాక్టరుగారు కామెర్లని తేల్చి, నూనె, కారం, చేపలు మానేసి ఇంటిపట్టున పడుకోమన్నారు. పడుకునేవాణ్ణే. కానీ ఆ వారంలోనే విడవలూరులో నా పెళ్ళిచూపులు.

వాయిదా వేద్దామంటే మా మేనమామ ఒప్పుకోలేదు. "జబ్బని చెప్తే సంబంధం చెయ్యి జారిపోద్దిరా అబ్బయా! నల్లద్దాలు పెట్టుకో. కళ్ళకలక అని నేను చెప్తాగా" అని ఎవరినో అడిగి అద్దాలు తెచ్చాడు. సిగ్గు లేకుండా పెట్టుకున్నాను. పైగా బాగానే ఉన్నాననుకున్నాను.

విడవలూరులో వాళ్ళది వరి పండించుకునే ఇల్లు. నన్ను కూర్చోబెట్టి ముందు వేడి పకోడీల పళ్ళెం పెట్టారు. నేను పళ్ళెం కాస్త పక్కకు జరిపాను. అయినా మేనమామ మోచేత్తో పొడుస్తుంటే ఒకటి నోట్లో వేసుకున్నాను. అమ్మాయి వచ్చి కూర్చుంది. అద్దాల్లోంచి ఆమె చీర ఏ రంగో కూడా తెలియలేదు గానీ, మొహం చూడగానే ఈ పిల్ల నన్ను ఒప్పుకుంటే చాలు, బతుక్కి ఇంకేమీ అక్కర్లేదనిపించింది. అంతలో ఆమె అవ్వ లేచింది. "కళ్ళకలకేగా నాయనా, నందివర్ధనం పూలు పెరట్లోనే ఉండాయి. చుక్క వేస్తా, తగ్గిపోద్ది" అంటూ వచ్చి, నేను తల వెనక్కి లాక్కునేలోపే అద్దాలు తీసేసింది. ఆ చుట్టుపక్కల కామెర్లకు ఆకుమందు ఇచ్చేది ఆవిడేనని మా మేనమామకు ఎవరూ చెప్పలేదు పాపం.

"ఓరి నాయనో! కలక కాదు, కామెర్లు! ఈ బిడ్డకి పకోడీలు పెట్టినారేందే!" అని పళ్ళెం లాగేసింది. మేనమామ ఇంటికప్పు కేసి చూశాడు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. పెళ్ళికొడుకునని వచ్చిన నాకు, అమ్మాయి ముందు, గుమ్మంలో మూగిన చుట్టాల ముందు చప్పిడి మజ్జిగన్నం పెట్టారు. నేను మింగిన ప్రతి ముద్దనూ అందరూ చూశారు. బయల్దేరేటప్పుడు ఆమె తండ్రి, "ముందు ఒళ్ళు బాగుపడనీండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. అవ్వేమో "రేపటి నుంచి పరగడుపున రా నాయనా. తగ్గిందాకా నిన్ను వదల్ను" అంది.

వెళ్ళాను. రోజూ మొదటి బస్సుకే, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. నేలఉసిరి ఆకు ముద్ద మజ్జిగలో కలిపి అవ్వ ఇచ్చేది. పరమ చేదు. అయినా గుమ్మం వైపు చూస్తూ పాయసంలా తాగేవాణ్ణి, ఎందుకంటే లోపల ఆకు నూరేది ఆ అమ్మాయే. గాజుల చప్పుడు వినిపించేది. డాక్టరుగారి మాట, అవ్వ మాట ఒకటే అయింది. నూనె లేదు, కారం లేదు, పెందలాడే తిండి, పెందలాడే నిద్ర. ఒక్కరోజు మాత్రం నిగ్రహం చాలక చేపల పులుసు కలుపుకున్నాను. మర్నాడు తలుపు చాటు నుంచి ఆమె గొంతు వినబడింది.

"నిన్న పథ్యం తప్పినారా? మీ కళ్ళు చూస్తేనే తెలస్తా ఉంది."

తిట్టిందని నాకు తోచనే లేదు. నా కళ్ళు చూసిందన్న సంబరంతో తిరుగు బస్సులో కండక్టరుకు కూడా నవ్వుతూ టిక్కెట్టు డబ్బులిచ్చాను. ఆ రోజు నుంచి చేప ముట్టలేదు.

కొన్నాళ్ళకు కళ్ళు తేటబడ్డాయి. ఆకలి వచ్చింది. డాక్టరుగారు కూడా బాగైపోయిందన్నారు. ఆ మాట చెప్పడానికి వెళ్తే అవ్వ నా రెప్పలు ఎత్తి చూసి, "ఇంక మందక్కర్లా. నూనెలూ వేపుళ్ళూ కొన్నాళ్ళు జాగ్రత్త" అంది. నేను చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని, "మరి... మన విషయం అవ్వా?" అన్నాను.

అవ్వకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా చెయ్యి పట్టుకుంది.

"పిల్ల ఆ రోజే వద్దనేసింది నాయనా. జబ్బుకి కాదు, దాచినావని. నీకు చెప్పబోతే అదే అడ్డం పడింది. 'ఇప్పుడు చెప్తే అవమానపడి మందుకు రాడవ్వా. తగ్గిందాకా చెప్పొద్దు' అనింది."

దణ్ణం పెట్టి బయటికొచ్చాను. నన్ను కాదనుకున్న మనిషి అన్నాళ్ళూ తెల్లవారకముందే లేచి నాకోసం ఆకు నూరిందే అన్న ఆలోచన నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ రాలేదు. వచ్చినప్పుడు ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను, కళ్ళు కూడా తడిశాయి. ఆనాడు మటుకు, ఎవరికీ మొహం చూపించలేక, కోవూరు వచ్చేదాకా బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.