నిలబడ్డ మబ్బును ఎరిగిన సాయమ్మ

నీరడి సాయమ్మ కన్నుమూసిందన్న వార్త మొన్న ఉదయం పాలు పోయడానికి వచ్చిన యాదగిరి నోట విన్నాను. మచ్చ బొల్లారంలో చెల్లెలి ఇంట్లో, నిద్రలోనే పోయిందట. గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆమె లేదన్న దుఃఖం కంటే, ఇక నన్ను క్షమించడానికి ఆమె ఎన్నటికీ ఉండదన్న ఎరుక నన్ను నిశ్చేష్టుణ్ణి చేసింది.

భర్త మరణానంతరం చెరువు తూము ఎత్తి దించే నీరడి బాధ్యతను ఊరు ఆమెకు అప్పగించింది. అక్షరజ్ఞానం లేకపోయినా ఆకాశాన్ని చదవడంలో ఆమె అసమానురాలు. తొంభైల నడుమ ఉద్యోగరీత్యా కోస్తా నుంచి వచ్చి, శామీర్‌పేట దారిలోని కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న నాకు వానను చూడడం నేర్పింది ఆమే. "ఉరికే మబ్బు ఊకె బెదిరిస్తది సారు. కదలకుంట ఒక్కతాన నిలవడ్డదే ముంచుతది" అనేది.

చెరువు పొంగితే నీళ్లు పోవడానికి ఒక వర్రె ఉండేది. దాని జోలికి పోనని ఆమెకు మాట ఇచ్చిన ఊరి పటేలే, ఒక ఎండాకాలంలో ఆ వాగును మొరం మట్టితో పూడ్చి ప్లాట్లు చేశాడు. సాయమ్మ నన్ను వెంటబెట్టుకుని పూడ్చిన వర్రె పొడవునా నడిపించింది. "మీరు సదువుకున్నోళ్లు. మీరు చెప్తే ఇంటరు" అంది. అర్జీ నేనే రాశాను. విచారణకు అధికారి వస్తే సాక్ష్యం చెబుతానని మాట ఇచ్చాను.

విచారణకు ముందురోజు పటేలు మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, నెమ్మదిగా చెప్పాడు. "వర్రె ఉన్నదంటే మీ ఇల్లు గూడ దాని హద్దులకే వస్తది సారు. ఆలోచించుకోండ్రి."

మర్నాడు అధికారి అడిగితే, "ఇక్కడ వాగు ఏదీ నేను చూడలేదండి" అన్నాను. సాయమ్మ బారెడు దూరంలో ఉంది. కేకలు వేయలేదు, శపించలేదు. "మొన్ననే నాతోని నడిస్తిరి గద సారు" అని మాత్రం అంది. ఆ మాటను అధికారి రాసుకోలేదు.

మరుసటి శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఉరుములతో వచ్చిన మబ్బు మా మీదే ఆగిపోయింది. గంట తిరగకముందే సాయమ్మ మోకాటిలోతు నీళ్లలో వచ్చి తలుపు తలుపూ కొట్టింది. "మబ్బు నిలవడ్డది. చెరువు పొంగుతాంది. జల్దీ మీదికెక్కుండ్రి." కూతురిని ఎత్తుకుని మేము మేడ ఎక్కిన కాసేపటికే నీళ్లు తమ పాత దారిన వచ్చి కిటికీల దాకా లేచాయి. ఆమె మా తలుపులు కొడుతున్న ఆ వేళలోనే ఆమె మట్టి ఇల్లు కూలింది. కట్టేసిన మేకలన్నీ మునిగిపోయాయి.

చివరికి మా మేడ మీదికే ఎక్కిన ఆమె చేతులు పట్టుకున్నాను. లాక్కుంది. "నీకోసం రాలె. నీ ఇంట్ల ఆడపిల్ల ఉన్నదని వచ్చిన." అప్పటిదాకా ఆమె నన్ను 'మీరు' అనేది.

ఇల్లు పోయి చెల్లెలి దగ్గర చేరిన ఆమెను తర్వాత మచ్చ బొల్లారం వెళ్లి రెండుసార్లు కలిశాను. మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది. మూడోసారి, "ఇప్పుడు నిజం చెబుతానవ్వా" అన్నాను. "ఇగ నువ్వు చెప్పేదేంది? నీళ్లే చెప్పినయ్" అంది.

ఊరు మరో నీరడిని పెట్టుకోలేదు. ఆ విజ్ఞత ఆమెతోనే అస్తమించింది. దాన్ని నేర్వవలసిన మేము నేర్వలేదు.

మొన్న ఆ వార్త విన్న మధ్యాహ్నమే అంత్యక్రియలు. మా కాలనీ అంతా కదిలింది. ఆ ధన్యజీవి పాదాలకు నమస్కరించి లేచేసరికి పటేలు పెద్ద పూలదండతో నా పక్కన ఉన్నాడు. "మస్తు మంచి మనిషి సారు" అంటూ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతిని నేను తొలగించలేదు.