కిందికి వాలిన ఆకు

ఆదోని మాబు సాబ్ అంటే ఎమ్మిగనూరు మగ్గాల షెడ్లలో తెలియనివాళ్లు లేరు. మగ్గం నెత్తిన కూర్చుని దుప్పట్ల మీద పూలూ లతలూ ఎక్కించే జకార్డు మిషన్‌కు ఆయనే వైద్యుడు. చిల్లులు కొట్టిన అట్టలను దండగా కుట్టి దాని మీద వేస్తే, ఏ దారం లేవాలో ఏది పడుకోవాలో ఆ చిల్లులే చెబుతాయి. చిక్కల్లా ఒకటే. మిషన్ మారితే పాత అట్టలు దానికి పనికిరావు. కొక్కేలు పెరుగుతాయి, చిల్లుల ఎడం మారుతుంది. ప్రతి డిజైనునూ గళ్ల కాగితం మీదికి దించి, కొత్త కొలతకు మళ్లీ అట్టలు కొట్టాలి. లేకుంటే పాత మిషన్‌తో పాటే ఆ పువ్వూ పోయినట్టు.

కొత్త మిషన్లు తెచ్చే పెద్దమనుషులకు ఈ గొడవ పట్టదు. టెంకాయ కొట్టి, ఫోటో దిగి, చల్లగా వెళ్లిపోతారు. డెబ్బై రెండులో ఒకసారి, డెబ్బై తొమ్మిదిలో ఒకసారి, ఒక్క డిజైను కూడా పోనివ్వకుండా అన్నింటినీ దాటించింది మాబు సాబే. దాచుకునే గుణం కూడా లేదాయనకు. అట్టలన్నీ షెడ్డు గోడకు వేలాడదీసేవాడు. కావలసినవాళ్లు చూసి కొట్టుకోవచ్చు.

"పువ్వుకు ఎవురన్నా తాళమేస్తారాప్పా?" అనేవాడు.

వాటిలో ఒక లత ఆయన భార్య జొహరాబీ గీసింది. ఊళ్లో పెళ్లికూతుళ్లందరికీ గోరింటాకు పెట్టిన చెయ్యి ఆమెది. తీగకు పదకొండు ఆకులు. పది ఆకులు పైకి చూస్తాయి, ఏడోది మాత్రం కిందికి వాలి ఉంటుంది. గళ్లు లెక్కపెట్టడంలో జరిగిన పొరపాటు. మిషన్ మారిన రెండుసార్లూ సరిచేస్తానని ఈయన, వద్దని ఆమె.

"అది నా ఆకు. నేను పోయినంక సరిజేసుకో," అని నవ్వేది. షెడ్డులో ఆ లతనే నేసే నీలమ్మ కూడా ఆ మాట విని నవ్వేది.

ఎనభై నాలుగులో జొహరాబీ కామెర్లతో పోయింది. ఎనభై ఆరులో మూడోసారి మిషన్లు మారాయి. ఆమె గీసిన కాగితాన్నీ, ఈయన దించిన గళ్ల కాగితాలనూ ఎప్పుడో చెదలు తినేశాయి. అట్టలే మిగిలాయి.

మాబు సాబ్ ముందు అందరి డిజైన్లూ దాటించాడు. మగ్గం ఆగితే వాళ్ల పొయ్యి ఆరుతుంది కదా. భార్య లతను చివరికి పెట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే అది మంచితనం ఒక్కటే కాదు. ఆ అట్టలు ముట్టుకోవాలంటే ఆయనకు గుండె చాలలేదు.

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త అట్టలు ఎక్కాక, ఇన్నాళ్లు కూడు పెట్టిన పాత అట్టలకు పసుపు పెట్టి, దండం పెట్టి, నూలుకు గంజి కాసే పొయ్యిలో వేస్తారు. పాతది పొరపాటున కొత్త మిషన్ మీద పడితే కొక్కేలు విరుగుతాయి మరి. అట్టలకు పసుపు ఉందంటే వాటి పని అయిపోయినట్టే లెక్క.

మహర్నవమి నాడు నీలమ్మ మగ్గానికీ, అడ్డదారం మోసే నాడెకూ పసుపు పెట్టింది. గోడకు వేలాడుతున్న జొహరాబీ అట్టలు కనిపించాయి. వాటికీ పెట్టింది. మరునాడు గంజి కాసే సుంకన్న ఆ పసుపు చూశాడు. అట్టల్ని కళ్లకద్దుకుని మరీ పొయ్యిలో వేశాడు.

ఇద్దరూ భక్తితో చేసిన పనే. ఎవరిని తిట్టాలి?

మాబు సాబ్ వచ్చేసరికి గోడకు మేకు మిగిలింది. నీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "తప్పు నాదే మాబన్నా. పండగ పూట అక్కనొక్కదాన్ని ఇడిసిపెడితే బాగుండదని పెడ్తి."

ఆ లత ఉన్న దుప్పటి ఊళ్లో ఒక్కటైనా లేదు, నేసినవన్నీ ఎప్పటికప్పుడు బయటి ఊళ్లకు అమ్ముడుపోయాయి. నేసేవాళ్ల ఇళ్లలో మంచి దుప్పటి ఎప్పుడుంది కనుక? జొహరాబీ శవం మీద కప్పి తీసుకుపోయినదాన్ని ఆయనే ఫకీరుకు ఇచ్చేశాడు.

"గళ్ల కాగితం తే అన్నా," అంది నీలమ్మ. "పన్నెండేండ్లు నేసినా. సెప్తాపో, దించుకో. అయితే నేను సూసిందంతా దాని ఈపే."

నిజమే. ఆ బట్ట బోర్లా నేస్తారు. నేసేవాళ్లకు కనబడేది వెనకవైపే. ముందువైపు చూడాలంటే కిందికి వంగి అద్దం పట్టాలి.

తొమ్మిది రోజులు ఆమె చెప్పింది, ఆయన గళ్లు నింపాడు. ఏడో ఆకు దగ్గర పెన్సిలు ఆగింది. నీలమ్మ దాన్ని కూడా పైకి చూసేట్టే చెబుతోంది.

"ఇది వాలి ఉండె కదమ్మా."

"అక్క సెప్పిండె గదన్నా, తాను పోయినంక సరిజేయమని. అందుకే సక్కజేసి సెప్తాండా."

ఆమె ముఖం చూసి ఆయన ఆకును పైకే దించాడు. ఇంటికి వెళ్లి ఒక్కడే కూర్చుని ఏడో ఆకును వాల్చి చూశాడు. ఎన్ని కాగితాలు చెరిపినా అది తన ఆకే అయింది, జొహరాబీది కాలేదు. రెండుసార్లూ అట్టల్ని చూసి దించాడే గానీ, ఆమె ఎన్ని గళ్లు తప్పిందో ఆయన ఏనాడూ మనసులో పెట్టుకోలేదు. సరిచేయాల్సిన తప్పును ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

కొత్త అట్టలు ఎక్కాయి. నీలమ్మ మూర నేసి, బట్ట కింద అద్దం పట్టింది.

"సూడన్నా, అన్నీ సక్కంగా ఉండాయి."

మాబు సాబ్ మోకాళ్ల మీద వంగి చూశాడు. పదకొండు ఆకులూ పైకే చూస్తున్నాయి.

"బాగుందమ్మా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఇంగ దీన్ని ఎవురు గీసిండారో ఎవురికీ తెలీదు."