దొర ముందు ఆగని మిల్లు

భూములు చేజారాక, డెబ్బైల చివర, చొప్పదండి దగ్గర ఒక రైస్ మిల్లులో నాకు ఉద్యోగం దొరికింది. ఏ మిషన్ ఎంతసేపు ఆగకుండా నడుస్తుందో, ఏది మాటిమాటికీ చెడిపోతుందో చూసి సేటుకు చెప్పాలి. దాన్నిబట్టి ఆయన వరికోతలకు ముందే పాడైన మిషన్‌ను మారుస్తాడు. లెక్క తప్పితే నన్నే మారుస్తానన్నాడు, నవ్వుతూ, "దొరా" అంటూనే. మా ఇంటికి మిగిలిన ఆస్తి ఆ పిలుపొక్కటే.

మిషన్లు నడిపే డ్రైవర్‌ను రోజూ సాయంత్రం అడిగేవాణ్ణి.

"ఇయ్యాల ఏదన్న ఆగిందా?"

"ఎక్కడిది దొరా! అన్ని మంచిగ నడిచినయి."

ఆ మాట అంటున్నప్పుడు అతని చేతులకు మోచేతుల దాకా గ్రీజు.

కొన్నాళ్లకు సేటు నన్ను హమాలీల ముందే నిలబెట్టాడు.

"వాకిట్ల వడ్ల బస్తాలు గుట్టలు పడ్డయి. మీ లెక్కల మిషినేమో ఆగనే ఆగదు. గిది మిల్లా, గోదారా దొరా? దసరా దాక చూస్త. గటెనుక మీ తొవ్వ మీది."

హమాలీలు మొహాలు తిప్పుకుని నవ్వారు.

ఆ సాయంత్రం డ్రైవర్‌ను నిలదీశాను.

"ఎద్దు సచ్చిందని మీ తాతకు చెప్పవోయి మా తాత ఈపు పగలగొట్టించుకున్నడు," అన్నాడు. "దొర ముంగట చెడ్డ మాట ఎత్తద్దని మాకు ఉగ్గుపాలతోనే పోసిన్రు."

"నేను మా తాతను గాదు."

"అయితే గీ బల్ల మీద కూసోని మాతోని చాయ్ తాగుండ్రి. అన్ని చెప్త."

జరిగి చోటిచ్చాడు. గ్లాసు నా వైపు నెట్టాడు. నేను నిలబడే ఉన్నాను. చాయ్ మీద మీగడ కట్టింది.

"చూసిన్రా మరి," అని ఆ చాయ్ తనే తాగేశాడు.

మర్నాడు ఇంటి నుంచి కుర్చీ తెప్పించి మిషన్ల మధ్య వేయించుకున్నాను. తవుడు దుమ్ములో పొద్దంతా కూర్చుంటే తెలిసింది, వడ్లను పైకి చేర్చే ఎలివేటరే ఘడియకోసారి ఆగుతోందని. దసరాలోపే సేటు దాన్ని మార్చాడు. నా ఉద్యోగం నిలిచింది. కుర్చీ కూడా అక్కడే నిలిచిపోయింది, ఏళ్ల తరబడి.

ఒకనాడు నీళ్లు తాగడానికి బయటికి వెళ్లాను. వెనక మోత ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి పాలిష్ మిషన్ మళ్లీ ఊపందుకుంటోంది. డ్రైవర్ చేతిలో పానా ఉంది.

"ఆగిందా?"

"ఎక్కడిది దొరా!"

కండువాతో కుర్చీ దులుపుకుని, నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాను.